ఏటికి అటూ ఇటూ చదరంగం

చిత్రగిరి రాజుకీ ఏటి అవతలి రాజుకీ ఏటా చదరంగం పోటీ జరిగేది. ఎవరి ఒడ్డున వాళ్ళు, ఎవరి పలక ముందు వాళ్ళు కూర్చునేవారు. వేసిన ఎత్తుల్ని దండోరావాళ్ళు కేకేసి చెప్పేవారు. గెలిచినవాళ్ళకి ఆ ఏడు ఏటినీళ్ళలో పెద్ద వాటా. మూడేళ్ళుగా చిత్రగిరి ఓడిపోతూనే ఉంది, వడ్రంగి సన్నాసయ్య పొలం ఎండిపోతూనే ఉంది.

ఈసారి నగల వర్తకుడు రాజుగారు ఆడుతూ వచ్చిన పాత రత్నాల పలక కంటే పెద్దదాన్ని, లక్ష వరహాలదాన్ని తెచ్చాడు. సన్నాసయ్య బస్తా వడ్లకి వేపచెక్క పలక ఇస్తానన్నాడు.

"రాజుగారి ముందు వంటచెరుకా!" అని వర్తకుడు విరగబడి నవ్వాడు.

"ఏటి ఒడ్డున ఉన్నట్టే ఎండలో కూర్చుని ఆడి చూడండి ప్రభూ," అన్నాడు సన్నాసయ్య.

రాజు కొత్త రత్నాల పలక మీద ఆడుతుండగా సన్నాసయ్య దానిమీద తన పైపంచె కప్పేశాడు.

"ఇందులో కెంపులెన్ని ప్రభూ?"

"ఇరవై నాలుగు!"

"మరి మీ ఏనుగు ఎక్కడుంది?"

రాజు పంచె అంచు ఎత్తి చూడబోయాడు. వేపచెక్క మీద ఆడుతుండగా కప్పితే మాత్రం ప్రతి బంటూ ఎక్కడుందో గడగడా చెప్పేశాడు.

ఆ ఏడు చిత్రగిరి గెలిచింది. రాజు సింహాసనం దిగి వచ్చి సన్నాసయ్య చేతులు పట్టుకున్నాడు.

"నీ మేలు మరిచిపోలేను. ఏం కావాలో కోరుకో."

"నా పొలం తడిసింది, తమ దయ. ఒక్కటే మనవి. మీ పాత రత్నాల పలకని అవతలి రాజుగారికి కానుకగా పంపండి."

అవతలి రాజు పొంగిపోయాడు. "మీ ఔదార్యానికి కృతజ్ఞుణ్ణి. ఇకమీదట దీనిమీదే ఆడతాను," అని లేఖ రాశాడు.