జారిపోయిన ‘దు’

ఒకానొక రాజ్యంలో రాజుగారి పేరు పూర్తిగా చెప్పి ముగించేసరికి పొయ్యి మీద అన్నం ఉడికిపోయేది. ఆయన పేరు ప్రచండవర్మ. ఆ ఐదక్షరాలకు ముందు నలభై రెండు బిరుదులుండేవి.

ఆ బిరుదులన్నీ కూర్చినవాడు ఆస్థాన లేఖకుడు గంభీరాచార్యులు. రాజుగారి పేరున ఏ ఉత్తర్వు వెలువడినా, ఏ హెచ్చరిక వెలువడినా ఆయనే రాయాలి. ముందు బిరుదులు రాసేవాడు. చుట్టూ తీగలూ పువ్వులూ చిలకలూ గీసేవాడు. ఇంకా చోటు మిగిలితే అప్పుడు విషయం రాసేవాడు. చదివేవాడికి అర్థమయ్యిందా లేదా అని ఆయన ఒక్కనాడూ అడిగి ఎరగడు. సభ మెచ్చుకుంటే చాలు, ఇంటికి వెళ్ళి సుఖంగా భోంచేసేవాడు.

అదే కొలువులో సంగమయ్య అనే ఉద్యోగి ఉండేవాడు. జనం రాసుకొచ్చిన విన్నపాలు రాజుకు చదివి వినిపించడం అతని పని. మాటకారి, కానీ ఊరికే మాట్లాడేవాడు కాదు.

ఒకరోజు భటులు ఒక మనిషిని తాళ్ళతో కట్టి సభకు తెచ్చారు. అతని పేరు పోలన్న. ఊరూరా ఉప్పు అమ్ముకునే బండివాడు.

“ప్రభూ, ఏటి మీది చెక్క వంతెన బీటలు వారింది. ఎక్కరాదని తమరి పేరున ఫలకం పెట్టాం. వీడు లెక్కచేయకుండా బండి తోలాడు. నడుమ చెక్కలు విరిగి ఎడ్లు రెండూ ఏట్లో పడి చచ్చాయి” అన్నాడు భటుల నాయకుడు.

రాజు కళ్ళెర్రజేశాడు. “ఏరా, నీకు చదువు రాదా?”

“వచ్చు దొరా. బండి దిగి కూడబలుక్కుని మరీ చదివాను. పైనంతా తమరి బిరుదులే. చదువుతూ ఉంటే ఎండకు ఎడ్లు రొప్పుతున్నాయి. అయినా ఆఖరు దాకా చదివాను. ఆఖరి వరసలో ‘ఈ వంతెన ఎక్కరా’ అని ఉంది. రాజుగారే ఎక్కరా అంటుంటే మానడానికి నేనెవణ్ణి? ఎక్కాను.”

సభ గొల్లుమంది. గంభీరాచార్యులు మాత్రం మండిపడ్డాడు.

“అబద్ధం! నేను రాసింది ‘ఎక్కరాదు’. వీడికి చదవడం రాక నా రాతకు వంక పెడుతున్నాడు!”

“నా ఆజ్ఞను తొక్కిన పాదం ఉండకూడదు. రేపు సభ ముగిశాక వీడి కుడి పాదం నరకండి” అని రాజు లేచిపోయాడు.

పోలన్న ఏడవలేదు. “పాదం లేకపోతే బండి ఎలా తోలేది? పిల్లలకు ఏం పెట్టేది?” అని తనలో తనే అనుకుంటూ భటుల వెంట నడిచాడు. ఆ మాట సంగమయ్య చెవిన పడింది.

ఆ మధ్యాహ్నమే సంగమయ్య ఏటి దగ్గరికి వెళ్ళి ఫలకం చూశాడు. బిరుదులు జానెడేసి అక్షరాల్లో ఉన్నాయి. అడుగున వేలెడంత చోటు మిగిలితే అందులో హెచ్చరిక ఇరికించారు. ‘ఎక్కరా’ అనేసరికి చెక్క అంచు వచ్చేసింది. మిగిలిన ‘దు’ కిందికి జారి, అంచున గీసిన నెమలి తోకలో కలిసిపోయింది. కొమ్ము ఏదో, ఈక ఏదో తెలియడం లేదు. ఇది హెచ్చరిక కాదు, జనాన్ని ఏట్లోకి పిలవడం. సంగమయ్యకు ఒళ్ళు మండిపోయింది.

తిరిగి వచ్చి తిన్నగా రాజుగారి వడ్రంగిని కలిశాడు. సింహాసనం వెనక కాలు చాలా రోజులుగా కదులుతోంది. “ఈ పూటే చీల తీసి బాగుచెయ్యి. రేపటికి పూర్తి కాకపోయినా ఫరవాలేదు” అని చెప్పాడు. అక్కణ్ణించి గంభీరాచార్యుల ఇంటికి వెళ్ళాడు.

“ఆచార్యులవారూ, సింహాసనం కాలి చీల తీశారు. ఎవరు కూర్చున్నా పడతారు. ఒక హెచ్చరిక రాసి పెట్టాలి. రెండు మాటలు చాలు.”

“రెండు మాటలా! సింహాసనం మీద పెట్టే ఫలకానికి రెండు మాటలా? ఏమోయ్ సంగమయ్యా, నీది విన్నపాలు చదివే నోరు. రాత గురించి నీకేం తెలుసు?”

“తెలియదు స్వామీ. తమ పద్ధతిలోనే రాయండి. వంతెనకు రాసినట్టే, అచ్చంగా అలాగే రాయండి.”

“అంతకంటే అందంగా రాస్తాను చూడు!” అన్నాడు గంభీరాచార్యులు.

మర్నాడు సభ నిండింది. సింహాసనం వీపుకు ఆనించి కొత్త ఫలకం మెరుస్తోంది. ఒక మూల పోలన్న సంకెళ్ళతో నిలబడ్డాడు. రాజు వస్తుంటే ఒక సేవకుడు ఏదో చెప్పబోయాడు. సంగమయ్య అతని చెయ్యి పట్టుకుని, “ఫలకం ఉందిగా! ఆయన చదువుకుంటాడులే” అన్నాడు.

రాజు ఫలకం చూసి మురిసిపోయాడు. పైకే చదవసాగాడు. “శత్రుగజ సింహ! సకలకలా సముద్ర! దానధారా మేఘ!” ఒక్కొక్క బిరుదుకూ గంభీరాచార్యులు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. తొమ్మిదో బిరుదు దగ్గరికి వచ్చేసరికి రాజుకు కడుపు నిండిపోయింది. మీసం దువ్వి సింహాసనం మీద కూర్చున్నాడు.

కాలు ఊడింది. సకలకలా సముద్రుడు వెల్లకిలా పడ్డాడు. కిరీటం దొర్లుకుంటూ వెళ్ళి భటుల కాళ్ళ దగ్గర ఆగింది.

పదిమంది పరుగెత్తి లేవదీశారు. రాజు నడుము పట్టుకుని అరిచాడు. “ఇంతమంది ఉన్నారు, ఒక్కడికైనా నోరు లేదా? ముందే చెప్పొద్దా?”

“చెప్పాం ప్రభూ, ఫలకం మీద ఉంది. ఆఖరి వరస చూడండి” అన్నాడు సంగమయ్య.

రాజు వంగి చదివాడు. “ఈ సింహాసనం మీద... కూర్చోరా.” ఆయన ముఖం కందగడ్డలా అయింది. “ఎవడ్రా నన్ను ‘రా’ అన్నది?”

గంభీరాచార్యులు ఫలకం దగ్గరికి పరుగెత్తాడు. “అయ్యో ప్రభూ! అది కూర్చోరా కాదు, కూర్చోరాదు! ‘దు’ కింద ఉంది. అదిగో, నెమలి తోకలో!”

“నెమలి తోకలో అక్షరం ఉంటుందని ఎవడు చూస్తాడయ్యా?”

“పోలన్న చూడాలి ప్రభూ. చూడలేదనే ఈవేళ అతని పాదం నరుకుతున్నారు” అన్నాడు సంగమయ్య.

కోపం ఆపుకోలేక ఒక అడుగు ముందుకు వేశాడు.

“తమరికి చదువు బాగా వచ్చు. నీడపట్టున నిలబడి చదివారు. అయినా తొమ్మిదో బిరుదు దాటలేదు. వాడు ఎండలో అన్నీ చదివాడు. రాసి ఉన్నదే నమ్మాడు. చెప్పవలసింది ఒక్క మాట. దాన్ని మింగేసి తమ పొగడ్త రాశారు. దీనికి అందమని పేరు పెట్టారు! చదివేవాడి ప్రాణం కంటే నెమలి తోక ఎక్కువైపోయిందా? తమరు పడితే పదిమంది లేపారు. ఆ ఎడ్లను లేపినవాడు లేడు. నా మాట తప్పయితే నా పాదం కూడా నరకండి.”

రాజు ఫలకం వైపు చూశాడు. “కూర్చోరా...” అని మళ్ళీ చదువుకున్నాడు. నెమ్మదిగా నవ్వు మొదలై, నడుము నొప్పితో మూలుగుతూనే పకపకా నవ్వేశాడు.

“పోలన్న సంకెళ్ళు తీయండి. మంచి జత ఎడ్లను ఇవ్వండి. ఆచార్యా, ఇక్కడే కూర్చుని వంతెనకు కొత్త ఫలకం రాయి. బండివాడు ఒక్క ఊపిరిలో చదవాలి. వాడు తడబడితే నీ లేఖకత్వం అంతటితో సరి!”

గంభీరాచార్యులు చెమటలు కక్కుతూ రాశాడు. పోలన్న పెద్దగా చదివాడు. “వంతెన విరిగింది. ఎక్కవద్దు.” చదివి తల గోక్కున్నాడు. “మరి తమరి పేరు లేదేం దొరా?”

“నా పేరు చదువుతూ ఒకడు నడుము విరగ్గొట్టుకున్నాడు. ఇక చాలు!” అని రాజు మళ్ళీ నవ్వాడు. తన చేతి కంకణం తీసి సంగమయ్యకు తొడిగాడు. సభంతా నవ్వుతూ చప్పట్లు కొట్టింది.

సంగమయ్య దండం పెట్టి కంకణం స్వీకరించాడు గానీ నవ్వలేదు. తడి ఆరని కొత్త ఫలకాన్ని భుజాన వేసుకుని, వడ్రంగిని వెంటబెట్టుకుని ఏటి వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. అక్కడ పాత ఫలకం వచ్చేపోయేవాళ్ళను ఇంకా ‘ఎక్కరా’ అని పిలుస్తూనే ఉంది.