గవరయ్య మోకాలు నిద్రపోయింది

నేరేళ్ళవలసలో గవరయ్య, ఎర్నమ్మ అని ఆలుమగలు ఉండేవారు. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. అది బయటికి పోకుండా కిటికీలు కూడా మూసుకునేవారు.

గవరయ్య తప్పెటగుళ్ళ జట్టుకి ముందుండి గెంతేవాడు. గుండెల మీద తప్పెట కట్టుకుని అతను ఎగిరితే పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసేవారు. అలాంటివాడికి అమ్మవారి పండగ దగ్గరపడ్డాక మోకాలు పట్టేసింది. ఎగరలేకపోతే ముందు చోటు అప్పలసూరికి ఇచ్చేస్తామన్నారు జట్టువాళ్ళు. ఆ మాట విన్నాక గవరయ్యకి అన్నం సహించలేదు.

పట్నం వెళ్ళి మందులకొట్టాయన దగ్గర ఇన్‌ఫ్రారెడ్ పట్టీ తెచ్చుకున్నాడు. చూడబోతే మామూలు నల్లగుడ్డ. ఒంట్లోంచి పోయే వేడిని పట్టుకుని మళ్ళీ ఒంటికే ఇస్తుందని, ఆ వేడి కంటికి కనబడదని చెప్పాడాయన. ఎంత వింతో చూడండి, గుడ్డకి అంత బుద్ధి.

"మనం ఇస్తేనే కదా అది తిరిగిచ్చేది," అంది ఎర్నమ్మ.

అంతే, ఒంట్లో వేడి పెంచాలని ఉలవచారు కాచి పోసింది. ఆవకాయ పెట్టింది. నువ్వులుండలు తినిపించింది. ఇంకేముంది, గవరయ్యకి కళ్ళు మండాయి, నోరు పొక్కింది. పట్టీ మరీ ఎక్కువ ఇచ్చేస్తోందని ఇద్దరూ హడలిపోయి, చలవ చెయ్యాలని దానికి కుండెడు మజ్జిగ తాగించారు. ఊళ్ళో పిల్లులన్నీ గవరయ్య కాలి వెంట పడ్డాయి.

కుంటుకుంటూ మళ్ళీ పట్నం వెళ్ళాడు. కొట్టాయన నవ్వాపుకుని, పట్టీ ఉతికి ఆరేసి కట్టుకోమన్నాడు. ఈ రాత్రికి మోకాలికి మంచి విశ్రాంతి ఇస్తే రేపు పండగలో ఎగరొచ్చన్నాడు.

అంతే, ఉతికి ఆరేసిన పట్టీ కట్టి, మోకాలిని తలగడ మీద పెట్టి, దుప్పటి కప్పి, ఎర్నమ్మ జోల పాడింది. మిగతా గవరయ్యకి విశ్రాంతి చెప్పలేదు కాబట్టి అతను కూర్చున్నచోటే పప్పు రుబ్బాడు. రుబ్బుతూ రుబ్బుతూ కునికాడు.

తెల్లారేసరికి పట్టీ జారి దుప్పటి కిందే ఉండిపోయింది. తప్పెట్ల మోత వినబడగానే గవరయ్య లేచి పరిగెత్తాడు. ఇంకేముంది, ఒకటే ఎగరడం. నొప్పి లేదు, సలుపు లేదు. అప్పలసూరి మొహం చిన్నబోయింది.

అంతలో ఎర్నమ్మ రొప్పుతూ వచ్చింది.

"మావా, మోకాలు ఇంట్లో దుప్పటి కింద పడుకునే ఉంది. నువ్వు దేంతో గెంతుతున్నావు?"

గవరయ్య కిందికి దిగి ఆలోచించాడు. "అదా సంగతి. నొప్పి ఏమైపోయిందా అనుకుంటున్నాను. మోకాలే లేకపోతే నొప్పెక్కడిది?"

జట్టువాళ్ళు అతని కాలు పట్టుకుని మోకాలు చూపించినా వినలేదు. పట్టీ కట్టిందే అసలు మోకాలన్నాడు. తన తప్పెట విప్పి అప్పలసూరి మెడలో వేసి, కాస్త చూస్తుండు, తెచ్చుకుని వస్తానని చెప్పి, పొలంగట్లు దూకుకుంటూ ఇంటికి పరిగెత్తాడు.

దుప్పటి కొస ఎత్తి చూస్తే పట్టీ ముడుచుకుని వెచ్చగా ఉంది. లేపనా అని ఎర్నమ్మ గుసగుసగా అడిగింది.

"వద్దులే. పాపం, ఎంత హాయిగా పడుకుందో."

ఈలోగా ముందు చోటులో అప్పలసూరి ఎగురుతూ ఉంటే జట్టు వీధిలోకి రానే వచ్చింది. గవరయ్య ఒక్క గెంతులో గుమ్మం దాటి, నోటి మీద వేలేసుకుని, మోకాలు లేస్తుందని చెప్పి పండగ మొత్తాన్ని వెనక్కి పంపేశాడు.