బలింబింగ్ కోసం జపం

సిస్టర్ ఆరోగ్యమ్మగారు తగాలోగు భాషను పండ్లతో మొదలుపెట్టేవారు. ఫిలిప్పీన్సు దీవుల్లోని మఠాలకు సేవకు వెళ్లబోయే అమ్మాయిలకు ఆ భాష నేర్పడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లు అక్కడ పనిచేసి వచ్చిన మనిషి. గుంటూరు దగ్గరి మా మఠంలో, భోజనాల గది పక్క వరండాలో, గోడకి ఒక బొమ్మల పటం తగిలించేవారు. దాని మీదున్న నలభై పండ్ల పేర్లూ నోటికి వస్తే తప్ప రెండో పాఠం చెప్పేవారు కారు. పరలోక జపమైనా సరే, ఆ తరువాతే.

మా జట్టులో ఫిలోమిన అనే అమ్మాయి ఉండేది. చురుకైనది, మాలో అందరికంటే భక్తి గలది. పది రోజుల్లో ముప్పై పేర్లు పట్టేసింది. మంగ్గా అంటే మామిడి, సాగింగ్ అంటే అరటి, బయాబస్ అంటే జామ, లంకా అంటే పనస. మిగిలిన పది దగ్గర ఆగిపోయింది. ఆ పండ్లు మా సంతలో ఎన్నడూ చూసినవి కావు, ఆ పేర్లకి నోరు తిరగదు. ఒకరోజు ఉదయం పాఠం మధ్యలో లేచి నిలబడి అడిగేసింది.

“సిస్టర్ గారూ, మేం వెళ్లేది రోగులకి సేవ చెయ్యడానికీ, వాళ్ల పక్కన కూర్చుని జపం చెప్పడానికీ కదండీ. పండ్లమ్ముకోవడానికి కాదు గదా. ముందు జపాలు నేర్పించి, ఈ పేర్లు తీరిగ్గా నేర్పిస్తే కుదరదాండీ?”

మేం తలలు వంచుకుని నవ్వుకున్నాం. ఆరోగ్యమ్మగారికి కోపం రాలేదు. “కూర్చో తల్లీ. నీ వయసులో నేనూ ఇదే అడిగాను. అప్పుడు నాకెవరూ అడ్డు చెప్పలేదు,” అని, తన సంగతి ఒకటి చెప్పారు. నేను విన్నంతవరకు అది ఇలా జరిగింది.

అప్పటికి ఆవిడకి ఇరవై ఆరేళ్లు. మనీలా నగరానికి దక్షిణాన, ఒక సరస్సు ఒడ్డునున్న వృద్ధాశ్రమానికి పంపారు. పద్దెనిమిది మంది ముసలివాళ్లు, ముగ్గురు సిస్టర్లు, ఒక వంటావిడ. అక్కడి పెద్ద సిస్టర్ ఇలాంటి పటమే ఒకటి ఇచ్చి ముందు పండ్ల పేర్లు నేర్చుకోమంటే, ఈవిడ మన దగ్గర దొరికేవి నేర్చుకుని, దొరకనివి వదిలేసి, జపాలు నేర్పమని పట్టుబట్టారు. ఆ పెద్దావిడ సరేనంది. నెల తిరిగేసరికి పరలోక జపం, మంగళవార్త జపం, త్రికాల జపం తప్పు లేకుండా వచ్చేశాయి. మన దేశపు పిల్ల తమ మాటల్లో జపం చెబుతుంటే ముసలమ్మలు కళ్లు తుడుచుకునేవారు. “నాకు కాస్త గర్వంగానే ఉండేది,” అన్నారు ఆరోగ్యమ్మగారు.

ఆ ఆశ్రమంలో తిబూర్సియో అని డెబ్బై ఒక్కేళ్ల మనిషి ఉండేవాడు. పడవలు చేసిన వడ్రంగి. అందరూ మాంగ్ తిబో అనేవారు. మాంగ్ అంటే మనం పెద్దవాళ్లని గారు అన్నట్టే. ఆయనకి మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం శుభ్రం చేయించి తెచ్చేవారు. నీళ్లు కూడా కొలత ప్రకారమే, రోజుకి మూడు గ్లాసులు. ఏప్రిల్ నెల ఎండలకి ఆ మూడు గ్లాసులు పొద్దెక్కకముందే అయిపోయేవి. ఆ తరువాత రోజంతా ఆయన కిటికీ పక్కన పెదవులు తడుపుకుంటూ కూర్చునేవాడు.

ఒక గురువారం పొద్దున్నే ఆయనకి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. మిగతా ఇద్దరు సిస్టర్లూ పొరుగూరు వెళ్లారు. సిస్టర్లలో ఆరోగ్యమ్మగారు ఒక్కరే ఉన్నారు. వీపు నిమిరారు, ఊపిరి బిగబట్టమన్నారు, నాలుక మీద చిటికెడు పంచదార వేశారు. ఎక్కిళ్లు ఆగలేదు. ఎనిమిదయింది, తొమ్మిదయింది, అలాగే ఉన్నాయి. ముసలాయన ఆవిడ చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పొద్దన్నట్టు గొంతు తగ్గించి, ఒకటే మాట మళ్లీ మళ్లీ అన్నాడు.

“బలింబింగ్... సిస్టర్... బలింబింగ్.”

మన వైపు ఎక్కిళ్లు వస్తే ఎవరో తలుచుకుంటున్నారంటాం. ఆ తలుచుకునేవాళ్ల పేరు చెబితే ఆగిపోతాయంటాం. ఆరోగ్యమ్మగారు పుట్టి పెరిగిన ఇంట్లో ఆ మాట వెయ్యిసార్లు విన్నారు. అందుకని, అదేమిటి అని అడగలేదు. ఎవరు అని అడిగారు. “భార్యా?” అని కూడా అడిగారు. ఆ మాట ఆవిడకి వచ్చు.

ఆయన తల అడ్డంగా ఊపాడో, ఎక్కిలికి తల అదిరిందో తెలియలేదు. కుడిచెయ్యి ఎత్తి ఐదు వేళ్లూ చూపించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పాపం, బలింబింగ్ అనే ఆ ఇల్లాలు ఐదుగురు పిల్లల్ని కని పోయిందన్నమాట అనుకున్నారు ఆరోగ్యమ్మగారు. ఆయన నుదుటి మీద సిలువ గుర్తు వేసి, మంగళవార్త జపం నెమ్మదిగా, స్పష్టంగా చెప్పారు. ఆయన ఇంకేదో చెప్పబోయి, ఎక్కిలి అడ్డొచ్చి, ఊరుకున్నాడు. పదకొండు గంటలకి మాట ముద్దగా వచ్చింది. ఆ తరువాత ఆవిణ్ణి మరెవరి పేరుతోనో పిలిచాడు. వయసు మీద పడినవాళ్లు దుఃఖంలో అలా అవుతారనుకున్నారు ఆవిడ.

పన్నెండు గంటలకి హాలులో అందరూ చేరి త్రికాల జపం చెప్పుకోవడం అలవాటు. జపమయ్యాక ఎవరి మనసులో ఉన్న విన్నపం వాళ్లు పైకి చెప్పుకోవచ్చు. ఆ రోజు ఆరోగ్యమ్మగారు రెండు చేతులూ జోడించి, తనకొచ్చిన తగాలోగులో, అందరికీ వినబడేలా అన్నారు.

“బలింబింగ్ ఆత్మశాంతి కోసమూ, ఆమె ఐదుగురు బిడ్డల కోసమూ ప్రార్థిద్దాం.”

పళ్లు లేని నోళ్లన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. నవ్వి నవ్వి ఒక ముసలమ్మకి పొలమారింది. హాలుకీ వంటింటికీ మధ్య ఒక కిటికీ ఉంది. అందులోంచి వంటావిడ పురా గరిట పట్టుకునే తల బయటికి పెట్టింది. ఆవిడా నవ్వుతూనే ఉంది.

“సిస్టర్, బలింబింగ్ అంటే పండమ్మా! పసుప్పచ్చగా, ఐదు పలకలుగా ఉంటుంది. దాని ఆత్మ కోసం జపమేమిటి? ఆ పేరు ఎవరు చెప్పారు నీకు?”

“మాంగ్ తిబో. ఐదు అని కూడా చూపించాడు.”

పురా మొహంలో నవ్వు పోయింది. “తిన్నాడా?” అంది. జవాబు కోసం ఆగలేదు. గరిట అక్కడే పడేసి ఆయన గదికి పరుగెత్తింది.

మన దగ్గర స్టార్ ఫ్రూట్ అనే ఆ పండు మూత్రపిండాలు చెడినవాళ్లకి విషంతో సమానమని, అది ఎక్కిళ్లతోనే మొదలవుతుందని ఆసుపత్రి డాక్టరు పురాకి రెండుసార్లు గట్టిగా చెప్పి ఉన్నాడు. పక్కింటి చెట్టు కొమ్మ ఆశ్రమం గోడ మీదికి వాలి ఉంటుంది. ముందురోజు సాయంత్రం దాహం ఆపుకోలేక ముసలాయన రాలిన పండ్లు ఏరుకుని తినేశాడు. రసం పండు గదా. తొడిమలు ఐదూ దిండు కింద దొరికాయి. వీళ్లు వెళ్లేసరికి ఆయన ఎవరినీ గుర్తుపట్టడం లేదు, చేతులు వణుకుతున్నాయి.

ఎదురింటాయన మూడు చక్రాల బండిలో ఆసుపత్రికి చేర్చారు. అక్కడ పురా మూడు ముక్కల్లో జరిగింది చెప్పేసింది. డాక్టరు నాలుగో ముక్క వినకుండా రక్తం శుభ్రం చేసే యంత్రం పెట్టించాడు. “నేను జపమాల పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. అక్కడ పనికొచ్చే మాట నా దగ్గర ఒక్కటీ లేదు,” అన్నారు ఆరోగ్యమ్మగారు.

రెండు రోజులు ఆయనకి తెలివి లేదు. మూడో రోజు ఎక్కిళ్లు ఆగాయి. తొమ్మిదో రోజు, చిక్కి సగమై, తన కాళ్ల మీద తనే నడిచి ఆశ్రమానికి వచ్చాడు. ఆరోగ్యమ్మగారు వెళ్లి మంచం పక్కన మోకరించి క్షమించమని అడిగితే, ఆయన పురాని పిలిచి, ఈవిడకి అర్థమయ్యేలా చెప్పమని, ఇలా అన్నాడట.

“ఈ జన్మకి పెళ్లి వద్దనుకున్నవాణ్ణి నేను. కూడని పండు తిన్నానమ్మా, తప్పయిపోయింది అని నీ దగ్గర పాపసంకీర్తనం చేసుకున్నాను. నువ్వేమో నాకు పెళ్లి చేసి, ఐదుగురు పిల్లల్నిచ్చి, పెళ్లాన్ని చంపేశావు.”

ఆ తరువాత ఆయన రెండేళ్ల పైచిలుకు బతికాడు. ఆయన తిరిగొచ్చాక వచ్చిన శనివారమే పురా ఖాళీ బుట్టతో ఆరోగ్యమ్మగారిని బజారుకి తీసుకెళ్లింది. ఒక్కొక్క పండూ చేతికిచ్చి, వాసన చూపించి, కొరికించి, పేరు చెప్పించింది. అంతకు ముందు వదిలేసిన పేర్లన్నీ ఒక్క పూటలో వచ్చేశాయి.

ఇంతవరకు చెప్పి ఆరోగ్యమ్మగారు ఆపారు. ఫిలోమిన మొహం వెలిగిపోతోంది. ఆ పిల్లకి ఆ సంగతిలో తనక్కావలసింది దొరికినట్టుంది.

“అయితే సిస్టర్ గారూ, మీరు పైకి ప్రార్థించబట్టే గదండీ ఆయన బతికింది! మీకు మాటలు రాకపోయినా దేవుడు మీ జపం ఆలకించినట్టే కదండీ!”

ఆరోగ్యమ్మగారు పటం మీద బలింబింగ్ బొమ్మ దగ్గర వేలు పెట్టారు.

“ఆలకించాడమ్మా,” అన్నారు. “వంటింట్లోంచి ఆలకించాడు.”