రొట్టె తిరగేసే చోటు

అనగనగా ఒక ఊరు. మన ఊరు కాదర్రా, ఏడు సముద్రాలకవతల స్కాట్లాండ్ అని ఒక చలిదేశం ఉంది, ఆ దేశంలో ఊరు. అక్కడ పండగొస్తే మగవాళ్ళు గళ్ళ పావడాలు కట్టుకుంటారు. నవ్వకురా కిట్టూ, మీ తాతయ్య లుంగీ కట్టుకుని బజారుకి వెళ్ళేవారు, ఎవరైనా నవ్వారా? ముందు ఆ కాలు అక్క మీంచి తియ్యి. ఊ కొట్టండి మరి.

ఆ ఊళ్ళో ఐలా అని ఒక కోడలు, మొరాగ్ అని ఆవిడ అత్తగారు. అత్తాకోడళ్ళనగానే ఉప్పూ నిప్పూ అనుకునేరు, వీళ్ళిద్దరికీ ఎంత పొత్తో చెప్పలేను. అత్తగారు రేకు పిల్లనగ్రోవి వాయించేది. మన వెదురుది అడ్డంగా పట్టుకుంటాం కదా, ఇది సన్నాయిలా నిలువుగా పట్టుకుంటారు. ఆరు చిల్లులుంటాయి. ఆవిడ కచేరీలేం చెయ్యలేదు. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి, పెనం మీద ఓట్స్ రొట్టెలు కాలుతుంటే వాయించుకునేది. ఆ పాట వినీ వినీ నలుగురు నేర్చుకున్నారు. ఉత్తరాలు పంచే అతనొకడు, చేపలమ్మే ఆవిడొకతె, జుట్టు కత్తిరించే అతనొకడు, బడిపంతులుగారొకరు. మన ఐలాతో కలిపి అయిదుగురు. పనులు ముగించుకుని సాయంత్రమయ్యేసరికి ఆ వంటింట్లోనే చేరి ఊదేవారు.

ఇలా ఉండగా మొరాగమ్మకి ఆయాసం పట్టుకుంది. రెండుసార్లు ఊదితే చాలు, దగ్గు తెర. దాంతో పిల్లనగ్రోవిని అటక మీద పడేసింది. ఆ అయిదుగురూ చేరితే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. ఊదలేనిదాన్ని, నాకెందుకమ్మా అనేది. ఐలాకి అదే బెంగ. పాట నేర్పిన మనిషే పాటకి దూరమైపోయింది, మళ్ళీ ఎలా తెచ్చి కూర్చోబెట్టాలా అని అన్నం సయించేది కాదు పాపం పిల్లకి.

ఆ ఏడు పక్క ఊళ్ళో పెద్ద పండగ పెట్టారు. తాతముత్తాతల నాటి ఆటలూ పాటలూ అన్నీ అక్కడే. అయిదుగురికీ పిలుపొచ్చింది. ఐలా బతిమాలి బామాలి అత్తగారిని ఒప్పించింది. వేదిక ఎక్కద్దు, ముందు వరసలో కూర్చుంటే చాలు అంది. సరేలే వస్తానందావిడ.

పండగ రేపనగా, పాటల ఏర్పాట్లు చూసే పెద్దమనిషి వచ్చి వీళ్ళ వాయింపు విన్నాడు. పాటల స్వరాలు రాసున్న పుస్తకం తెరిచి, మధ్యలో ఆగుతున్నారేం, ఇందులో అలా లేదే, నవ్వులపాలవుతారు సుమా అని చెప్పి చక్కా పోయాడు. నిజమే, ప్రతి చుట్టులోనూ ఒకచోట అయిదుగురూ టక్కున ఆగి, మళ్ళీ అందుకునేవారు. ఎందుకంటే ఏమో, మొరాగమ్మ అలాగే వాయించేది మరి.

ఐలా వెళ్ళి అత్తగారిని అడిగింది. ఆవిడ ముందు తెల్లబోయింది, తర్వాత పడీపడీ నవ్వింది.

"అది పాట కాదే పిచ్చిదానా. అక్కడికొచ్చేసరికి రొట్టె మాడబోయేది. తిరగేసి, రెండు తట్లు తట్టి, మళ్ళీ ఊదేదాన్ని."

చూశారా, వాళ్ళు పాటతో పాటు రొట్టె తిరగెయ్యడం కూడా నేర్చేసుకున్నారు. పుస్తకం పట్టుకున్నాయనకి పొయ్యి సంగతి ఏం తెలుస్తుంది?

నవ్వి నవ్వి ఆవిడ మొహం చిన్నబోయింది. నా మూలాన మీరు పదిమందిలో నవ్వులపాలవడం ఎందుకు, ఆ ఖాళీ తీసెయ్యండి అంది. అయిదుగురూ సాయంత్రమంతా ఆగకుండా వాయించడం సాధన చేశారు. ఐలాకి మాత్రం లోపల ఎక్కడో పీకుతూనే ఉంది.

తెల్లారింది. సన్నటి చినుకులు, కాలు పెడితే బురద, పక్క గుడారంలో గాలి నింపిన తోలుసంచి నొక్కి వాయించే తిత్తి సన్నాయిల హోరు. ఊ కొడుతున్నారా, పడుకున్నారా? ఆ, సరే. చలికి రేకు చల్లబడితే శ్రుతి దిగిపోతుందని వీళ్ళు పిల్లనగ్రోవులు చంకల్లో పెట్టుకుని, వెచ్చబెట్టి మరీ తమ గుడారంలో వేదికెక్కారు. పాట ఎత్తుకున్నారు. ఆగకూడదు, ఆగకూడదు అనుకుంటూనే వాయించారు. ఆ చోటు రానే వచ్చింది. ఏళ్ళ అలవాటు ఒక్క పూటలో పోతుందా? ఉత్తరాలతను ఆగాడు, చేపలావిడ ఆగింది, జుట్టు కత్తిరించే అతను ఆగాడు, పంతులుగారు ఆగారు, ఐలా ఆగింది. గుడారమంతా చడీచప్పుడూ లేదు.

అప్పుడు ముందు వరసలోంచి తప్ తప్ అని రెండు చప్పట్లు. మొరాగమ్మే. కొట్టాలని కొట్టలేదు, ఆ చోటు రాగానే ఆవిడ చేతులే రొట్టె తిరగేసి తట్టేశాయి.

ఐలా మళ్ళీ అందుకుంది. రెండో చుట్టులో ఆవిడ కావాలనే కొట్టింది, పక్కవాళ్ళూ కొట్టారు. మూడో చుట్టుకి గుడారం గుడారమంతా తప్ తప్. పుస్తకం పెద్దమనిషి కూడా కొట్టాడు, ఒక తట్టు ఆలస్యంగా. మిగతా నలుగురూ వాయిస్తుండగానే ఐలా కిందికి దిగి అత్తగారి చెయ్యి పట్టుకుంది. నాకు ఊపిరి లేదే అని గొణిగిందావిడ.

"ఊపిరి అక్కర్లేని చోటు మీరే పెట్టారు కదా అత్తయ్యా, రండి," అంది ఐలా.

ఆవిడకి కొంగు లేదు పాపం, చేత్తోనే కళ్ళు తుడుచుకుని వేదికెక్కింది. ఎక్కి, ఆ చోటు వచ్చినప్పుడల్లా దర్జాగా రెండు తట్లు తట్టింది. ఆ తర్వాత ఏ సాయంత్రమూ పెరట్లో కూర్చోలేదు. ఆవిడ రాకపోతే వాళ్ళు పాట మొదలుపెట్టేవారే కాదు.

అందుకే అర్రా, ఎవరైనా నావల్ల కాదని పక్కన కూర్చుంటే అలా వదిలెయ్యకండి, వాళ్ళకి కుదిరే చోటు చూపించి చెయ్యి పట్టుకు తీసుకురండి. అందరూ సుఖంగా ఉన్నారు. కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం.