కలువపురి దిబ్బ

అనగనగా, ఏ కాలమో ఎవరికీ గుర్తులేని కాలంలో, కలువపురి అని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో 'పాతది' అన్న మాట పలకడమే తప్పు. నీళ్ళు తాగిన ముంతను తాగిన చోటే పారేసేవారు. ఒకనాడు కట్టిన బట్టను మరునాడు కట్టేవారు కారు. కడిగి, ఉతికి మళ్ళీ వాడుకోవడమంటే వాళ్ళకు తలవంపులు. ఏం గొప్పలో, ఏం పోకడలో!

మరి అదంతా ఎక్కడికి పోయేది? ఊరి చివర దిబ్బ మీదికి. ఆ దిబ్బ పక్కనే పిల్లల బడి.

ఆ బడిలో పైడమ్మ అనే పదేళ్ళ పిల్ల చదువుకునేది. దాని తమ్ముడు అప్పన్న చిన్నపిల్లల వసారాలో, సరిగ్గా దిబ్బకు ఎదురుగా కూర్చునేవాడు. ఆ దిబ్బ ఎండలో పొగలు కక్కేది, లోలోపల గుడగుడలాడేది. "లోపల రాక్షసి ఉందే" అనేవారు తోటి పిల్లలు. పైడమ్మ నమ్మింది. తమ్ముణ్ణి అది ఎక్కడ మింగేస్తుందోనని పాఠం వింటున్నా దాని కన్ను వసారా మీదే ఉండేది.

మొదటి వాన కురిసింది. దిబ్బ నుంచి కంపు లేచి పిల్లలు అన్నం తినలేకపోయారు. జగ్గయ్య పంతులు వెళ్ళి రాజుగారితో మొరపెట్టుకున్నాడు. రాజు నాలుగు పీపాల పన్నీరు పంపాడు. దిబ్బ మీద చల్లారు. బండ్లు మాత్రం రోజూ చెత్త తెచ్చి పోస్తూనే ఉన్నాయి.

రెండో వాన కురిసింది. బడి బావిలో నీళ్ళు నల్లబడ్డాయి. తాగిన పిల్లలు మంచం పట్టారు. అప్పన్నకు మూడు రోజులు ఒళ్ళు కాలిపోయింది. పైడమ్మ వాడి పక్కనే కూర్చుని ఏడ్చింది. ఈసారి రాజు బడికీ దిబ్బకూ మధ్య గోడ కట్టించాడు.

"కంటికి కనబడకపోతే భయమెందుకు?" అన్నాడు మంత్రి.

అప్పటి నుంచి దిబ్బ కనబడలేదు, దాని చప్పుడే వినబడేది. పైడమ్మకు భయం రెట్టింపయింది.

మూడో వాన కురిసింది. పాఠం నడుస్తుండగా గోడ ఫెళ్ళున విరిగింది. దిబ్బ జారి వసారాలోకి వచ్చి పడింది. పిల్లలందరూ కేకలు పెడుతూ పరుగెత్తారు. అప్పన్న ఒక్కడే నడుము దాకా కూరుకుపోయాడు.

"అక్కా! రాక్షసి నా కాలు పట్టుకుందే!"

రాక్షసి అంటే పైడమ్మకు భయమే. అయినా వెళ్ళింది. పెంకులు గుచ్చుకుంటున్నా రెండు చేతులతో తవ్వింది. తమ్ముడి కాలికి ఏదో గట్టిగా చుట్టుకుని ఉంది. కళ్ళు మూసుకుని బలమంతా పెట్టి లాగింది. తమ్ముడు బయటపడ్డాడు. కళ్ళు తెరిచి చూస్తే చేతిలో ఒక పసుపు పరికిణీ! నిరుడు తాను ఒక్కరోజు కట్టి పారేసినదే!

అంతలో కబురు విని రాజు విలుకాండ్రతో వచ్చాడు. "ఎక్కడ ఆ రాక్షసి?" అని గర్జించాడు.

ఊరుకుంటే సరిపోయేది. నేరం రాక్షసి మీదికే పోయేది. పైడమ్మ భయపడుతూనే పరికిణీ పట్టుకుని ముందుకు వచ్చింది.

"ఏలినవారూ, లోపల రాక్షసి లేదు. నా తమ్ముడి కాలు పట్టుకున్నది ఈ పరికిణీ. ఇది నాది. నేనే పారేశాను."

పంతులు వంగి బురదలోంచి తన ముంత తీసుకున్నాడు. రాజు చూపు ఒక జరీ ఉత్తరీయం మీద పడింది.

"అది నాది" అన్నాడు మెల్లగా.

మర్నాడు పైడమ్మ ఆ పరికిణీని ఉతికి కట్టుకుని బడికి వెళ్ళింది. అందరూ నవ్వుతారేమో అనుకుంది. ఎవరూ నవ్వలేదు. పంతులు అందరి ముందూ ముంత కడుక్కుని నీళ్ళు తాగాడు. రాజు బండ్లను ఆపించాడు. ఎంగిలి విస్తరాకులు ఎరువు గుంటకు, పెంకులు బాటకు, పాత బట్టలు బొంతలకు పంపించాడు. బడిని మెరక మీదికి మార్పించాడు.

దిబ్బ మాత్రం కరగలేదు. నేటికీ వానమబ్బు కమ్మితే కలువపురి తల్లులు పిల్లల్ని లోపలికి పిలుచుకుంటారు.

కాబట్టి పిల్లలూ, మనం పారేసింది ఎక్కడికీ పోదు. పారేసే ముందు ఆలోచించాలి, తప్పు మనదైతే భయమున్నా ఒప్పుకోవాలి.