గవరయ్య పెట్టిన గుడ్డు

తెలివిలో తమ ఇంటికి సాటి వచ్చే ఇల్లు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేదని గవరయ్యకి గట్టి నమ్మకం. "మన బుర్రలు సంతలో పెడితే కొనేవాడుండడ్రా. అంత ఖరీదు!" అనేవాడు. తమ్ముడు లచ్చయ్య తలూపేవాడు.

ఓసారి ఎవరో, "నోరు కట్టుకుంటే ఏ జబ్బూ రాదు" అన్నారు. ఇంకేముంది! గవరయ్య తనకీ, తమ్ముడికీ, పెళ్ళాం తవిటమ్మకీ మూతులకి తువ్వాళ్ళు బిగించాడు. పొద్దున్నే విప్పి ఇంత గంజి తాగడం, మళ్ళీ బిగించడం. అన్నదమ్ముల బుగ్గలు లోపలికి పోయాయి. తవిటమ్మకైతే జలుబు వదలదు. చీపురు పట్టిందంటే తుమ్ములు, ఒళ్ళంతా దద్దుర్లు. గోకి గోకి చేతులు పుళ్ళు పడ్డాయి. గవరయ్యకి బెంగ పట్టుకుంది. ఎంత తెలివైనవాడికైనా పెళ్ళాం పెళ్ళామే కదా!

ఊళ్ళో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ చూసి మండిపడింది. "ముందు ఆ గుడ్డలు తీయండి! తిండి లేక ఈమె ఒంట్లో కాపు కాసే శక్తి గాడి తప్పింది. ఆపాల్సిన జలుబుని ఆపదు, ఊరికే పోయే దుమ్ము మీద మాత్రం దూకుతుంది. మాత్రలిస్తాను. పప్పూ ఆకుకూరా బాగా ఒంటికి పట్టాలి."

అంతే. తోటకూర పప్పు వండి, అన్నదమ్ములిద్దరూ తవిటమ్మకి మెడ నుంచి మడమల దాకా పట్టించారు.

"పట్టిందేంట్రా?"

"లేదన్నయ్యా, జారిపోతోంది!"

"అయితే బెల్లం కలుపు!"

ఇంకేముంది, చీమలొచ్చాయి. తవిటమ్మ కేకకి పక్కింటి ఎర్నమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

మళ్ళీ తీసుకెళ్తే డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. "పైన కాదయ్యా, లోపలికి పోవాలి!"

అంతే. పప్పు కుండ లోపలి గదిలో పెట్టి తాళం వేశారు. తవిటమ్మ గడప ఇవతల ఆకలితో కూర్చుంది.

"నోట్లోకయ్యా, నోట్లోకి!" అని ఈసారి డాక్టరమ్మ అరిచింది. "అన్నం, పప్పూ. పైగా నువ్వు రోజూ ఓ గుడ్డు పెట్టు."

గవరయ్య తెల్లబోయాడు. "నేనా?"

"మీ ఆవిడకి నువ్వు కాక ఊళ్ళోవాళ్ళు పెడతారా?"

ఇంకేముంది! గవరయ్య గంపలో గడ్డి పరుచుకుని కూర్చున్నాడు. "ముక్కన్నయ్యా, ఇంకాస్త ముక్కు!" అని లచ్చయ్య పక్కనే కూర్చుని ధైర్యం చెప్పాడు. ఆ సందడిలో తవిటమ్మకి ముద్ద పెట్టేవాడే లేడు. ఎర్నమ్మ చూడలేక చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి పప్పన్నం, గుడ్డుకూర పెట్టింది. రోజూ పెట్టింది. నెల తిరిగేసరికి తవిటమ్మ బుగ్గలు నిండాయి. దద్దుర్లు తగ్గుముఖం పట్టాయి. చీపురు పట్టినా ఒకటీ అరా తుమ్ములే.

గవరయ్య ఇంకా గంపలోనే ఉన్నాడు. ఓ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఎర్నమ్మ కోడి వచ్చి పక్కలో గుడ్డు పెట్టిపోయింది. లేచి తడిమితే వెచ్చగా తగిలింది! కళ్ళనీళ్ళు తిరిగాయి.

తవిటమ్మ చూసి, "ఉడకబెట్టనా?" అంది.

"ఓసి రాక్షసీ! కడుపున పుట్టినదాన్ని ఉడకబెడతావా!"

అంతే. గవరయ్య చెవుల్లో దూది పెట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, పచ్చి బాలింతలా మంచమెక్కాడు. లచ్చయ్య ఉయ్యాల కట్టాడు.

"పోలికలు ఎవరివిరా?" అన్నాడు గవరయ్య నీరసంగా.

లచ్చయ్య ఉయ్యాలలోకి వంగి పరీక్షగా చూశాడు.

"అచ్చం నీ బట్టతలే అన్నయ్యా!"