నాలుగో గడి

పేర్రాజు మాస్టారు అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. ముందు మన చేతికి ఒక పాత నాణెం ఇచ్చేవారు. దాన్ని రెండు వేళ్ళతో అంచు దగ్గరే పట్టుకోవాలి. ముఖం మీద వేలు పడకూడదు, చేతి చెమట వెండికి మంచిది కాదు. అంత జాగ్రత్తగా పట్టుకుని కూర్చునేసరికి మనసు దానంతట అదే నెమ్మదించేది. చాలామంది అడగాలనుకున్నది అడక్కుండానే లేచి వెళ్ళిపోయేవారు.

ఆయన కాకినాడలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నాణేలు చదవడం నేర్చుకుందామని ఆయన దగ్గరికి వచ్చేవారిలో త్రినాథ్ ఒకడు. పాలిటెక్నిక్‌లో లెక్చరరు, డచ్చివాళ్ళ కాలపు రాగి డబ్బులంటే ప్రాణం. ఒకనాడు చేతిలో నాణెం ఉండగానే, ఏమాత్రం నెమ్మదించకుండా అడిగేశాడు. రాజమండ్రి నుంచి ఒక డాక్టరు ప్రతి వేలానికీ వస్తున్నాడట. సరిగ్గా ఇతను ఆశపడ్డ నాణెం మీదే పాట పెంచి పట్టుకుపోతున్నాడట.

"ఆ ఒక్క మనిషి అడ్డు లేకపోతే నా కోరిక తీరిపోతుంది కదా, మాస్టారూ?"

మాస్టారు అతని చేతిలోని నాణెం తీసుకుని పెట్టెలో పెట్టేశారు. ఆదివారం వేలం ఉంది, తనతో రమ్మన్నారు.

నాణేల గొడవ తెలియనివారి కోసం ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఇంగ్లండుతో కలవకముందు స్కాట్లాండుకు సొంత రాజులుండేవారు, సొంత టంకశాల ఉండేది. నాలుగు వందల ఏళ్ళ కిందట అక్కడ మెర్కు అనే వెండి నాణెం కొట్టారు. దాని మీద కిరీటం పెట్టిన ముళ్ళపువ్వు ఉంటుంది. మన చేలగట్ల మీద బ్రహ్మదండి పూస్తుంది చూడండి, దాని అక్కలా ఉంటుంది. మెర్కు, అరమెర్కు, పావుమెర్కు, అందులో సగం, ఇలా నాలుగు సైజుల్లో వచ్చింది. మొదటిది మాస్టారికి వయసులో ఉన్నప్పుడు ఓడరేవు దగ్గర పాతసామాన్ల కొట్లో దొరికింది. తరువాత ఇంకో రెండు వేలంలో వచ్చాయి. ఆయన మఖమలు పెట్టెలో నాలుగో గడి మాత్రం ఖాళీగానే ఉండిపోయింది.

ఆ నాలుగోది, బొట్టుబిళ్ళంత చిన్నది, ఎక్కడో పరదేశంలో లేదు. అదే ఊళ్ళో, కలప అడితి నడిపే గనీ సాయిబుగారి దగ్గర ఉంది. మాస్టారి మీద పాడి గెలుచుకున్నదే అది. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు పాడుకుంటూనే ఉన్నారు. మాస్టారు ముందు వరసలో కూర్చునేవారు. సాయిబుగారు వెనక వరసలో, ఫ్యాను కింది కుర్చీలో. ఆయన చెయ్యెత్తేవారు కాదు, కళ్ళజోడు తీసేవారు. అది పాట అన్నమాట. వేలం నడిపే పట్టాభి చూపు వెనక్కి వెళ్ళిందంటే చాలు, మాస్టారు తల తిప్పకుండానే చెయ్యెత్తేవారు. ఇవాళ పింఛనంతా మూటగట్టుకొచ్చారా అని ఆయన, అడితిలో దూలాలింకా మిగిలాయా అని ఈయన, ఎప్పుడూ ఉండే ఎత్తిపొడుపులే.

వాళ్ళకో పద్ధతి ఉండేది. వేలం అయ్యాక ఇద్దరూ ఎదురుగా ఉన్న టీ కొట్టుకు వెళ్ళేవారు. గెలిచినవాడు ఆ నాణేన్ని ఓడినవాడి అరచేతిలో పెట్టాలి. అంచు దగ్గర పట్టుకోవడం లేదు, వేళ్ళ లెక్క లేదు. టీ తాగినంతసేపూ అది ఓడినవాడిదే. అక్కడే మాస్టారు, ఏటేటా, ఆ చిన్న మెర్కు తనకు అమ్మెయ్యమని అడిగేవారు. సాయిబుగారు ఎప్పుడూ ఒకే మాట అనేవారు.

"ఇది మీకిచ్చేస్తే మళ్ళీ మీరు వేలానికి రారు, మాస్టారూ."

మొన్నటి ఎండాకాలంలో సాయిబుగారు పోయారు. ఆయన నాణేల పెట్టెను ఏం చేసుకోవాలో తెలియక కొడుకులు వేలానికిచ్చారు.

ఆదివారం ఆ మెర్కు బల్ల మీదికి వచ్చింది. పట్టాభి మొదటి ధర చెప్పాడు. మాస్టారు చెయ్యెత్తారు. హాల్లో ఎవరూ కదల్లేదు. ఆ నాణెం ఎవరికి కావాలో అందరికీ తెలుసు, అందుకని మర్యాదగా చేతులు కట్టుకు కూర్చున్నారు. పట్టాభి చూపు మాస్టారి మీదే ఉంది, వెనక్కి వెళ్ళలేదు.

ఒకటోసారి అన్నాడు. మాస్టారు ఎదురుచూస్తున్నట్టు ఉండిపోయారు.

రెండోసారి అన్నాడు. మాస్టారి చెయ్యి మళ్ళీ పైకి లేచింది.

"మాస్టారూ, ఆ పాట మీదేనండీ," అన్నాడు పట్టాభి, మెల్లగా.

కొత్తవాళ్ళు నవ్వారు. పాతవాళ్ళు నవ్వలేదు. మాస్టారు చెయ్యి దించుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి వెనక్కి తిరిగి చూశారు. ఫ్యాను తిరుగుతోంది. దాని కింది కుర్చీలో ఎవరో చేతిసంచీ పెట్టుకున్నారు. పట్టాభి కూడా అటే చూసి, మూడోసారి అనడానికి చాలాసేపు తీసుకున్నాడు.

బయటికి వచ్చాక త్రినాథ్ సంతోషం పట్టలేకపోయాడు. నాలుగూ కుదిరాయి, ఇంటికెళ్ళగానే గడిలో పెట్టి చూద్దాం అన్నాడు. మాస్టారు వినిపించుకోనట్టే టీ కొట్టుకేసి నడిచి, అలవాటుగా రెండు టీలు చెప్పారు. ఒకటి త్రినాథ్ ముందుకు జరిపారు. తరువాత పొట్లం విప్పి నాణెం తీశారు.

త్రినాథ్ నేర్చుకున్న ప్రకారం రెండు వేళ్ళు చాచాడు. మాస్టారు ఆ చేతిని వెల్లకిలా తిప్పి, అరచేతి మధ్యలో నాణేన్ని పెట్టి, వేళ్ళు తానే మూశారు. టీ అయిపోయింది. త్రినాథ్ గుప్పిట విప్పి తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

"నీ దగ్గరే ఉంచు. ఏటేటా ఇక్కడే అడుగుతాను," అన్నారు. టీ డబ్బులు బల్ల మీద పెట్టి, "ఇవ్వకు," అన్నారు.